కారుకి తెలిసింది, సారుకి తెలీలేదు

కొత్త కారు వస్తే మన కుర్రోళ్ళు ఏటి చేస్తారో నాకు తెలుసు. ఫోన్లో వీడియో పెట్టుకుని పికప్పు ఎంత, సన్‌రూఫ్ ఉందా లేదా, తెర ఎన్ని అంగుళాలు అని లెక్కలు తీస్తారు. మొన్న ఎస్.కోట బస్టాండులో ఇద్దరు తమ్ముళ్ళు బెంజి ఈ-క్లాసు గొప్పదా, బీఎండబ్ల్యూ 5 సిరీస్ గొప్పదా అని వాదించుకుంటంటే పావుగంట నిలబడి విన్నాను. ఇద్దరికీ లైసెన్సు ఉంది, ఇద్దరికీ కారు లేదు. ఒకడు వైజాగులో యాక్టింగ్ డ్రైవరు, రెండోవాడు ఆ పనికే పోదామని చూస్తున్నాడు. వాదనంతా వెనక సీటు మీదే నడిచింది. ఎవడిది ఎక్కువ వాల్తాది, ఎవడిది కాళ్ళు చాపుకోడానికి ఎక్కువ చోటిస్తాది, ఇదే గోల.

వాళ్ళిద్దరూ ఆ కారెక్కితే కూకునేది ముందు కుడి సీటులో. దాని గురించి ఒక్క మాట రాలేదు.

తప్పు వాళ్ళది కాదు లెండి. కారు తయారుచేసినోడే దాని గురించి పెద్దగా మాట్లాడలేదు. 2024 జూలైలో బీఎండబ్ల్యూ కంపెనీ తన 5 సిరీస్‌ని మన దేశంలోకి కొత్త రూపంలో దించింది. దీని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 3,105 మిల్లీమీటర్లు. బయట దేశాల్లో అమ్మే మామూలు 5 సిరీస్‌కి 2,995. అంటే ఓ సగం జానెడు కారుని సాగదీశారు. అదే ఏడాది అక్టోబరులో బెంజి వాళ్ళు కొత్త ఈ-క్లాసు తెచ్చారు. వాళ్ళదీ 2,961 ఉన్నది 3,094 అయ్యింది. ఒకటి చెన్నై దగ్గర బిగిస్తారు, ఇంకోటి పూణె పక్కన చాకన్‌లో. వచ్చినప్పుడు షోరూం ధర ఒకదానికి 72 లక్షల 90 వేలు, ఇంకోదానికి 78 లక్షల 50 వేల నుంచి మొదలు. ఈ సాగదీసిన పొడుగంతా ఎటు పోయిందనుకున్నారు? వెనక్కే. ముందు సీటుకి ఒక్క వేలెడు కూడా రాలేదు.

ఈ పొడుగు కార్ల యవ్వారం మొదలైంది మన కోసం కాదు, చైనా కోసం. అక్కడ డబ్బున్నోడు డ్రైవర్ని పెట్టుకుని వెనక కూకుంటాడని 20 ఏళ్ళ కిందటే అక్కడి కార్లని సాగదీసి అమ్మడం మొదలెట్టారు. తర్వాత మన దేశాన్ని చూశారు. ఇక్కడా అంతే కదా, కొన్నోడు వెనక, తోలేవాడు ముందు. అందుకే మనకీ పొడుగు కారు ఇచ్చారు. కంపెనీ లెక్కలో తప్పు పట్టడానికి లేదు. సొమ్ము ఎవడిస్తాడో వాడి నడుముకే దిండు కుడతారు.

అదే కారు జర్మనీలో ఏటో తెలుసా? టాక్సీ. వెన్న రంగు వేసిన బెంజి టాక్సీలు అక్కడి ఊళ్ళలో ఏళ్ళ తరబడి తిరుగుతున్నాయి. అక్కడ ఆ కారు కొన్నోడే రోజంతా దాన్లో కూకుంటాడు, కాబట్టి డ్రైవరు సీటు అసలు సరుకు. గ్రీసు దేశంలో థెస్సలోనికి అనే ఊళ్ళో గ్రెగోరియోస్ సచినిదిస్ అనే టాక్సీ డ్రైవరు ఉండేవాడు. ఆయన పాత డీజిలు బెంజి 46 లక్షల కిలోమీటర్లు తిరిగింది. 2004లో కంపెనీ వాళ్ళు ఆ కారుని తీసుకెళ్ళి తమ మ్యూజియంలో పెట్టుకున్నారు. ఒక డ్రైవరు తోలిన పాత బండికి అంత మర్యాద. మన దగ్గర అదే కంపెనీ కారు తోలేవాడికి దాన్లో క్యారేజీ పెట్టుకోడానికి చోటు లేదు.

క్యారేజీ సంగతి నేనేదో వరసకి అనలేదు. సుమారు నెల్లాళ్ళ నుంచి నేను వైజాగులో ఎక్కడ డ్రైవర్లు గుంపుగా కనిపిస్తే అక్కడ ఆగి ఒకే ప్రశ్న అడుగుతున్నాను. బీచ్ రోడ్డులో హోటళ్ళ ఎదురుగా, సిరిపురంలో ఆఫీసుల కింద, ఎంవీపీ కాలనీలో ఫంక్షన్ హాళ్ళ పక్క సందుల్లో, ఎయిర్‌పోర్టు బయట. "ఈ పెద్ద కార్లు మళ్ళీ కొత్తగా చేస్తే నీకేటి కావాల?" అని. నవ్వినోళ్ళే ఎక్కువ. "మమ్మల్ని ఎవడడుగుతాడన్నా" అనీసి మొదలెట్టి, తర్వాత అరగంట చెప్పేవారు.

ఇంజను గురించి ఒక్కడూ చెప్పలేదు. "ఇంజను బాగానే ఉంటాది, దానికేటి లోటు" అన్నారు. ఎక్కువమంది నోట వచ్చింది ఏసీ. కారు తోలినప్పుడు ఏసీ కాదు, ఆగినప్పుడు ఏసీ. సారు మీటింగుకి లోపలికెళ్ళాడు. మూడు గంటలో, నాలుగు గంటలో తెలీదు. ఇంజను నడిపి ఏసీ వేసుకుంటే "డీజిలు తాగుతున్నావేటి" అని మాట పడాల. ఆపితే వైజాగు ఉక్కపోతలో కారు పొయ్యి మీద కుండ. బయట నిలబడితే నీడ లేదు. మూసిన పార్కింగులో ఇంజను నడిపి, అద్దాలు ఎత్తి పడుకుంటే ఆ పొగ వాసన లేకుండానే మనిషిని చంపుతాది, అది అసలు చెయ్యకండి తమ్ముళ్ళూ. కరెంటు కార్లలో ఇంజను లేకుండానే ఏసీ నడుస్తాది కాబట్టి అవి తోలే ఇద్దరు ముగ్గురు మాత్రం హాయిగా ఉన్నారు. "పెట్రోలు కారులో కూడా ఓ రెండు గంటలు ఇంజను లేకుండా గాలాడే ఏర్పాటు చెయ్యలేరా, అన్ని లచ్చలు తీసుకుంటన్నారు కదా" అన్నాడు గాజువాక డ్రైవరొకడు. న్యాయమైన ప్రశ్నే.

రెండోది బటన్లు. కొత్త కార్లలో చల్లదనం పెంచాలన్నా తగ్గించాలన్నా తెర మీద వేలు రాయాల. ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్కులో వెనక నుంచి "కొంచెం తగ్గించు" అంటే చూపు రోడ్డు మీద నుంచి తీసి తెరలో వెతకాల. పాత కారులో చెయ్యి దానంతటదే వెళ్ళేది, గుండ్రటి మీట తిప్పేసేవాడు. "కళ్ళు మూసుకుని చేసే పని కళ్ళు తెరిచినా చెయ్యలేకపోతన్నాం" అన్నాడు పాతికేళ్ళ సర్వీసున్న పెద్దాయన.

తర్వాత స్టెప్నీ. కొన్నిటికి స్టెప్నీయే ఉండదు, పంచరైనా కొంత దూరం పోయే టైరు వేసి వదిలేస్తారు. అనంతగిరి ఘాట్ మీద, రాత్రి తొమ్మిదికి, సిగ్నలు లేని చోట ఆ కొంత దూరం ఎంత దూరమో వెళ్ళినోడికి తెలుసు. ఇంక స్పీడ్ బ్రేకర్లు. కారు పొడుగైన కొద్దీ మధ్యలో కడుపు రాసుకుంటాది. మన పల్లె స్పీడ్ బ్రేకర్ గట్టు లాగుంటాది. అడుగున గీత పడితే ఎవడి జీతంలో కోత పడతాదో చెప్పక్కర్లేదు.

వైజాగుకే ఉన్న బాధ ఇంకోటి ఉంది. ఉప్పుగాలి, పైన పోర్టు బొగ్గు దుమ్ము. పాతూరు వైపు, కాన్వెంట్ జంక్షన్ వైపు, సింధియా వైపు వెళ్ళొస్తే తెల్ల కారు బూడిదలో పొర్లిన పిల్లిలా అవుతాది. సారు మళ్ళీ దిగే లోపు తుడవాల. రోజుకి మూడుసార్లు తుడుస్తానన్నాడొకడు. "ఈ నలుపు రంగు కార్లు కొనకుండా ఉంటే నా బుజం బతుకుతాది" అన్నాడు ఇంకొకడు. కంపెనీ వాళ్ళు పెయింటు మెరుపు గురించి పేజీలు పేజీలు రాస్తారు. ఆ మెరుపు ఎవడి చెమటో వాళ్ళకేటి పని.

క్యారేజీ సంగతి చెప్పిన కుర్రాడిది విజయనగరం అవతల పల్లె. గదిలో వండుకుని తెచ్చుకుంటాడు. కారులో పెడితే కూర వాసన. డిక్కీలో పెడితే సారు గోల్ఫు సంచీ. అందుకని పొద్దున్నే వాచ్‌మేన్ గదిలో క్యారేజీ దించి వెళ్తాడు. మధ్యాహ్నం సారు బేరం భీమిలిలో తేలితే క్యారేజీ సిరిపురంలో ఉంటాది. ఆ రోజు చేపల కూర తెచ్చుకున్నాడట, సాయంత్రం ఏడింటికి తిన్నాడు. "డోరు పక్కన గట్టి మూతున్న చిన్న అర ఒకటి ఇచ్చినా చాలన్నా" అన్నాడు. 78 లక్షల కారు నుంచి ఆ కుర్రాడికి కావాల్సింది అంతే.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ కార్లలో ఒక వస్తువు ఉంది. 2009లో వచ్చిన ఈ-క్లాసుతో మొదలైంది. డ్రైవరు స్టీరింగు ఎలా పట్టుకుంటున్నాడో, ఎన్ని చిన్న చిన్న సవరింపులు చేస్తున్నాడో కారు కనిపెడతాది. మనిషికి అలుపొచ్చినప్పుడు స్టీరింగు మీద చెయ్యి ఒకలా తేడాగా నడుస్తాది. అది పసిగట్టి ఎదురుగా కాఫీ కప్పు బొమ్మ చూపిస్తాది, గంట కొడతాది. బాబూ అలిసిపోయావు, ఆగి కాస్త కాఫీ తాగు అని. తర్వాత చాలా కంపెనీల కార్లలో ఇదే వచ్చింది.

ఎంత మంచి వస్తువు! జర్మనీలో కారు కొన్నోడే తోలుతాడు. బొమ్మ చూస్తాడు, హైవే పక్కన ఆపుతాడు, కాఫీ తాగుతాడు. మన దగ్గర బొమ్మ చూసేవాడు ఒకడు, ఆపమని చెప్పగలిగేవాడు ఇంకొకడు. ఆ ఇంకొకడు వెనక 36 డిగ్రీలు వాల్చిన సీటులో, మెత్తటి దిండు మీద, కర్టెను వేసుకుని నిద్రపోతున్నాడు. కారుకి తెలిసింది డ్రైవరు అలిసిపోయాడని. సారుకి తెలీలేదు.

నా సంగతి కూడా చెప్తాను. ఇప్పుడు ఏవో నాలుగు ముక్కలు రాస్తున్నాను గానీ, ఇరవై రెండేళ్ళ నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ దాకా నేను చేసింది ఇదే పని. పదో తరగతి తప్పాక నేర్చుకున్న చదువంతా వెయిటింగులోనే. సారు లోపలుంటే నేను బయట ముందు సీటులో పేపరు చదివేవాడ్ని. ఒక కాంట్రాక్టరు దగ్గర ఉండేవాడ్ని. పేరెందుకు, మంచీ చెడూ కలిసిన మనిషే. ఒకసారి పొద్దున్న ఆరింటికి వైజాగులో బయల్దేరి హైదరాబాదు వెళ్ళాం. సాయంత్రం పని అయిపోగానే "ఇంటికి పోదాం" అన్నాడు. నేను నోరు తెరవలేదు. తెల్లవారుజామున తుని దాటాక నాకు గుర్తున్నది ఒకటే, లారీ వెనక వేలాడుతున్న ఎర్ర గుడ్డ. అది ఎంత దగ్గరికొచ్చిందంటే దాని మీద నూనె మరక కనిపించింది. స్టీరింగు లాగేశాను. కారు రోడ్డు దిగి మట్టిలో ఆగింది. సారు లేచి "ఏటయ్యింది" అన్నాడు. "కుక్క అడ్డొచ్చింది సార్" అన్నాను.

ఆ కుక్క లేదు. ఆ అబద్ధం నేను ఎందుకు చెప్పానో మీలో ఈ పని చేసినోడికి ఎవడికీ విప్పి చెప్పక్కర్లేదు. నిద్రొచ్చిందని చెబితే ఉద్యోగం ఉండదు. నాది పాత కారు, దానికి కాఫీ కప్పు బొమ్మ లేదు. కానీ ఉన్నా ఏటి చేసేవాడ్ని? గంట మోగకుండా దాని నోరు నొక్కేవాడ్ని. నేనడిగినోళ్ళలో నలుగురు అదే చెప్పారు. గంట మోగితే సారు లేస్తాడని సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తీసేశారంట. ప్రాణం కాపాడే వస్తువుని ప్రాణం పోయే వాడే ఆపేసుకుంటున్నాడు. ఎందుకు అని ఏ ఇంజనీరైనా వచ్చి అడిగితే బావుణ్ణు.

సీటు బెల్టుదీ ఇదే వరస. 2022 సెప్టెంబరు 4న ముంబయి దగ్గర పాల్ఘర్లో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది బెంజి కారులోనే. వెనక కూకున్నారు, బెల్టు పెట్టుకోలేదు. ఆ తర్వాత దేశమంతా వెనక బెల్టు గురించి మాట్లాడింది. వెనకోళ్ళు కూడా పెట్టుకోవాలని రూలు ముందు నుంచీ ఉంది, పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కానీ "సార్, బెల్టు" అని చెప్పగలిగే డ్రైవరు వైజాగులో ఎంతమందున్నారు? అలారం మోగితే ఆపడానికి బెల్టుని వీపు వెనక నుంచి పెట్టి నొక్కేసే సార్లున్నారు. స్పీడుగా పొమ్మనేది వెనక నుంచి వస్తాది, గుద్దితే కేసు ముందు సీటు మీద పడతాది, లైసెన్సు పోయేది ముందు సీటుది.

మరి చట్టం ఏటి చెప్తాది అంటారా. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం ఒకటి వచ్చింది. రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటలు ఏకంగా తోలితే అరగంట విశ్రాంతి, వారానికి ఒక సెలవు. చదివితే కడుపు నిండిపోతాది. కానీ అది అద్దెకి బళ్ళు తిప్పే సంస్థలకి, అదీ ఐదుగురో అంతకుమించో కార్మికులుంటే. ఒక సారు సొంత కారుకి పెట్టుకున్న ఒక్క డ్రైవరు దానికిందకి రాడు. ఆ చట్టాన్ని ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిపేశారు, 2025 నవంబరు 21 నుంచి కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇంటి కారు డ్రైవరు మాత్రం అప్పుడెక్కడున్నాడో ఇప్పుడూ అక్కడే. ట్రావెల్స్‌లో పనిచేసేవాడు కనీసం చట్టం పేరు చెప్పి పోట్లాడొచ్చు. ఇతనికి పేరు చెప్పడానికి చట్టమే లేదు.

సర్కారు పథకాలూ అంతే. 2019లో వాహన మిత్ర అని ఏటా పది వేలు ఇచ్చారు. 2025 అక్టోబరులో 'ఆటో డ్రైవర్ల సేవలో' అని 15 వేలు వేశారు. ఆడోళ్ళకి ఉచిత బస్సు వచ్చాక ఆటోవాళ్ళ పొట్ట మీద దెబ్బ పడింది కాబట్టి అది ఇవ్వాల్సిందే, నేను కాదనను. కానీ రెండూ సొంత బండి ఉన్న డ్రైవర్లకే. బండి లేకుండా రెండు చేతులూ ఒక లైసెన్సూ ఉన్నోడు ఏ జాబితాలోనూ లేడు. అదే 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు పెద్ద కార్ల మీద పన్ను 48 శాతం నుంచి 40కి దిగింది. కారు కొన్నోడికి లక్షల్లో మిగిలింది. ఆ ఏడాది తన జీతం వెయ్యి రూపాయలు పెరిగిందని నాకు చెప్పిన డ్రైవరు ఒకే ఒక్కడు, అదీ వేరే సారు దగ్గరికి మారితే.

చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చు, అందుకు మన కళ్ళ ముందే రుజువుంది. షీలానగర్ నుంచి పోర్టు రోడ్డు పట్టుకుని ఏ రోజైనా చూడండి, లారీలు బారులు తీరి ఉంటాయి. ఆ లారీ క్యాబిన్‌లో మనిషి ఉడికిపోయేవాడు. లారీకి ఏసీ ఏటి, డ్రైవరు నిద్రపోతాడు అని ఓనర్లు అన్నారు. ఖర్చు పెరుగుతాదని కంపెనీలు గునిశాయి. ఏళ్ళ తరబడి నాన్చాక చివరికి కేంద్రం రూలు పెట్టింది, 2025 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి. ఎవడో ఓనరు జాలిపడి పెట్టింది కాదు, కాయితం మీద రాస్తే వచ్చింది. లారీ డ్రైవరు సీటు గురించి దేశం ఆలోచించగలిగింది. దానికి పదింతలు మెరిసే కారులో డ్రైవరు సీటు గురించి ఎందుకు ఆలోచించలేదంటే, అందరూ అది మెత్తటి సీటే కదా అనుకుంటున్నారు. సీటు మెత్తగానే ఉంటాది. పద్నాలుగు గంటలు కూకుంటే మెత్తటి సీటు కూడా బండరాయే.

మా తాతలు బుగత ఇంట్లో కంబారీకి ఉండేవారు. ఏడాదికి ఇన్ని బస్తాలని ఒప్పందం. పొద్దున్న కోడి కూసిన దగ్గర్నుంచి రాత్రి పశువులకి గడ్డి వేసేదాకా పని. గంటల లెక్క లేదు, ఎందుకంటే పనిమనిషి ఇంట్లో మనిషి లాంటోడు అనేవారు. ఈ రోజు సార్లు కూడా అదే మాట అంటారు. "మా డ్రైవరు ఇంట్లో మనిషి లాంటోడు." ఈ మాట విన్నప్పుడల్లా నా చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఇంట్లో మనిషైతే ఇంట్లో బాత్రూం వాడనిస్తారా? బీచ్ రోడ్డులో కోట్ల రూపాయల హోటళ్ళున్నాయి. డ్రైవర్లకి గదీ బాత్రూమూ ఇచ్చినవి కొన్ని ఉన్నాయి, వాళ్ళకి దండం పెడతాను. మిగతా చోట్ల గోడ పక్కకి పోవాల్సిందే. 2025 నవంబరులో ఏయూ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్స్‌లో రెండ్రోజులు పెట్టుబడుల సదస్సు జరిగింది. లోపల ఎన్ని లక్షల కోట్లో లెక్కలు పేపర్లలో వచ్చాయి. ఆ లక్షల కోట్ల మనుషుల్ని అక్కడ దించింది ఎవరు? వాళ్ళు ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు అని ఏ పేపరూ రాయలేదు. నాకు కనిపించిన ఒకడు మాత్రం స్టీరింగు మీద తల పెట్టి నిద్రపోతున్నాడు, అద్దం నాలుగు వేళ్ళు దించి.

మంచి సార్లు లేరా అంటే ఉన్నారు. పదింటికల్లా పంపించేసేవాళ్ళు, నైట్ హాల్టయితే గది తీసేవాళ్ళు, బత్తా అడక్కుండా ఇచ్చేవాళ్ళు. బుగతల్లో కూడా మంచోళ్ళుండేవారు. ఒకడి మంచితనం మీద ఇంకొకడి నిద్ర ఆధారపడకూడదు అని నా గోల.

ఈ పనికి మన కుర్రోళ్ళు ఎందుకొస్తున్నారో కూడా చూడండి. స్టీలు ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం అనేది మా తరానికే కలైపోయింది. 32 ప్రాణాలు పోసి తెచ్చుకున్న ఫ్యాక్టరీ, 2021లో అమ్మేస్తామన్నారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, అదే ఏడాది మే నెలలో కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద సమ్మె నడిచింది. అక్కడ పని పోయినోడు లైసెన్సు తీసుకుని కూర్మన్నపాలెం జంక్షన్లో యాక్టింగ్ డ్యూటీకి నిలబడుతున్నాడు. ఇంకో చిత్రం. మన ప్లాంటులో తయారయ్యేది ఇనప కడ్డీలు, తీగ, యాంగిళ్ళు. కారు పైతొడుగుకి కావాల్సిన పల్చటి రేకు అక్కడ రాదు. సారు ఇంటి పునాదిలో మన ఉక్కు ఉంటాది, ఆ ఇంటి ముందు ఆగిన కారు డోరులో ఉండదు.

సరే, కంపెనీ మారేదాకా, చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూకోమంటారా అని అడుగుతారు. కాదు. ఆ కారులోనే మన పనికొచ్చే వస్తువొకటి ఉంది, ఎవడూ వాడట్లేదు. ఎదురుగా మీటర్లో ట్రిప్ అని ఉంటాది చూడండి. ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు నడిచింది అన్నీ చూపిస్తాది. డ్యూటీ ఎక్కినప్పుడు దాన్ని సున్నా చెయ్యండి. దిగినప్పుడు ఫోన్లో ఒక ఫోటో తియ్యండి. వెయిటింగు గంటలు దాన్లో పడవు కాబట్టి ఎక్కిన టైమూ దిగిన టైమూ ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. సారు యాప్ పెట్టుకుని మీరు ఎక్కడున్నారో ఇంట్లోంచే చూస్తాడు కదా, మీ గంటలు మీరు చూసుకుంటే తప్పేటి? నెలాఖరికి ఆ పుస్తకం పట్టుకుని మాట్లాడితే "నువ్వేటి అంత పని చేశావు" అనే మాట రాదు. రేపు ఏదైనా జరిగి, పోలీసులొచ్చి "ఎన్ని గంటల నుంచి తోలుతున్నావు" అంటే కూడా అదే పుస్తకం పనికొస్తాది. ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోండి, పీఎఫ్ లేని డ్రైవరు ఎవరైనా రాయించుకోవచ్చు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద బీమా రెండు లక్షలు. చిన్నవే, కానీ మన చేతిలో ఉన్నవి.

ఇంకోటి, ఆ కాఫీ కప్పు గంటని ఆపకండి. మోగనివ్వండి. సారు లేస్తే లేవనివ్వండి. "ఏటది" అని అడిగితే "నేను అలిసిపోయానని కారు చెప్తోంది సార్" అని చెప్పండి. మీరు చెప్తే నమ్మడు, 78 లక్షలు పోసి కొన్న వస్తువు చెప్తే నమ్ముతాడు. నేను ఈ మాట చెప్పాక మధురవాడ డ్రైవరొకడు అలాగే చేశాడంట. విజయవాడ నుంచి వస్తున్నారు. సారు లేచి తెర వైపు చూసి, ఏమీ అనకుండా, అన్నవరం దగ్గర ఆపమన్నాడంట. ఇద్దరూ టీ తాగారంట. ఒక్కసారి జరిగింది, ఒక్కడికి జరిగింది, అంతకుమించి నేను చెప్పను. రేపు ఎయిర్‌పోర్టు భోగాపురానికి మారితే తెల్లవారుజాము ఫ్లైటుకి రెండింటికే లేచే రోజులొస్తాయి, అప్పుడు ఈ గంట ఇంకా ఎక్కువ మోగుతాది.

నేనడిగిన ప్రశ్నకి వచ్చిన జవాబుల్లో ఒకటి నన్ను వదల్లేదు. ఈ కార్లలో డ్రైవరు సీటుకి మెమరీ బటన్లుంటాయి. సీటు ఎత్తు, ముందుకీ వెనక్కీ, అద్దాలు, అన్నీ ఒకసారి సరిచేసి నంబరు మీద పెట్టుకుంటే నొక్కగానే అలాగే వస్తాయి. ఆ కారులో మూడున్నాయి. ఒకటో నంబరు సారుది, ఆదివారం తోలుతాడు. రెండు మేడంది. మూడు అమెరికాలో ఉన్న కొడుకుది. వారంలో ఆరు రోజులు తోలే డ్రైవరుకి నంబరు లేదు. రోజూ పొద్దున్న చేత్తో సరిచేసుకుంటాడు. నడుము నొప్పని డాక్టరు దగ్గరికెళ్తే "సీటు సరిగ్గా పెట్టుకో" అన్నాడంట.

కిందటి వారం ధైర్యం చేసి సారుని అడిగాడు. సారు మంచోడే. "బాబు వచ్చేదాకా మూడు నువ్వు పెట్టుకో" అన్నాడు.

బాబు డిసెంబరులో వస్తున్నాడు.